ఏసీ స్కూలా, ఇంటి దగ్గర స్కూలా?

ప్రశ్న: మాది విజయనగరం కంటోన్మెంట్ అండి. పెద్దపాప ఒకటో క్లాసు, చిన్నది ఎల్‌కేజీ. ఊరి బయట ఏసీ స్కూల్ ఒకటి చూసాం, ఫీజు డబుల్, పైగా పెద్దదానికి ఎంట్రన్స్ టెస్ట్ అంటున్నారు. ఇంటి దగ్గర పాత స్కూల్ ఇంకోటి ఉంది. ఏది బెటర్?

జవాబు: ముందు ఆ టెస్ట్ సంగతి చెప్తానమ్మా, విద్యాహక్కు చట్టం 2009, 13వ సెక్షన్ ప్రకారం ఒకటో క్లాసు అడ్మిషన్‌కి పిల్లకి టెస్ట్, మీకు ఇంటర్వ్యూ రెండూ పెట్టకూడదు, డొనేషన్ అడగకూడదు, అది మొదట్లోనే అడుగుతున్న స్కూల్ మీద నాకైతే నమ్మకం కుదరదు. ఏసీదేముంది, కరెంట్ పోతే అదీ ఉత్త గదే.

మామూలు రోజున పది గంటలకి వెళ్లి క్లాసులో ఎంతమంది ఉన్నారో చూడండి, ఒకటి నుంచి ఐదో క్లాసు దాకా టీచర్‌కి 30 మంది చొప్పున అని, 200 మంది దాటిన స్కూల్లో అయితే 40 దాటకూడదని ఆ చట్టంలోనే ఉంది. ఆడపిల్లలు కదా, బాత్రూంలు మీరే లోపలికెళ్లి చూడండి, నీళ్లొస్తున్నాయా, గడియ పడుతోందా, చిన్నపాప వెంట వెళ్లడానికి ఆయా ఉందా, బస్సులో కూడా ఆయా ఉంటుందా అన్నీ అడగండి. ఫీజంటే పుస్తకాలు, యూనిఫాం, బస్సు అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి.

ఇవన్నీ బావుంటే నేనైతే దగ్గర స్కూలే అంటాను, ఎల్‌కేజీ పిల్ల బస్సులో నిద్రపోతూ తిరగడం ఎందుకు చెప్పండి.