షిప్ దిగి రోమ్‌కు ఎలా వెళ్లాలి? ముందు టాపప్ లోన్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: వచ్చే నెలలో బార్సెలోనా నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్తున్నాం. నేను, నా భార్య, మా అమ్మ (68 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి), మా పాప (9 ఏళ్లు). మార్సెయ్, జెనోవా, చివితావెక్యా (రోమ్), పలెర్మో, పాల్మా చూసుకుని మళ్లీ బార్సెలోనా వస్తాం. టికెట్లకు కొంత పర్సనల్ లోన్ తీసుకున్నాం, కొంత ఎఫ్‌డీ బ్రేక్ చేశాం. ఐదు చోట్లా షిప్ వాళ్ల టూర్లే తీసుకుంటే నలుగురికీ కలిపి 1,900 యూరోలు అవుతోంది. ఒక్క రోమ్‌కే 560. ప్రైవేట్ వ్యాన్ మాట్లాడుకుంటే రోమ్‌కు 450, రైల్లో వెళ్తే 60 లోపే. పాత లోన్ మీద టాపప్ ఇస్తామని బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. తీసుకుని అన్నీ టూర్లే బుక్ చేయమంటారా, లేక రైళ్లలో తిరగమంటారా? వీసా కోసం తీసుకున్న ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంది. అత్యవసరమైతే క్రెడిట్ కార్డు ఉంది.

జవాబు: మీరు అడిగింది రైలా, బస్సా అని. నాకు ఆందోళన కలిగించింది మాత్రం మీరు అడగకుండా చివర్లో తేల్చేసిన రెండు మాటలు. ఎఫ్‌డీ అయిపోయింది, చేతిలో లోన్ ఉంది, అమ్మగారికి బీపీ, షుగర్ ఉన్నాయి, ఆదుకోవడానికి ఉన్నది క్రెడిట్ కార్డు ఒక్కటే. విదేశీ ప్రయాణాల గురించి రాసేవాళ్లలో చాలామందిది ఇదే వరస. టికెట్ల దగ్గర పైసాపైసా లెక్క చూస్తారు, ఏదైనా తేడా వస్తే పెట్టాల్సిన డబ్బు గురించి మాత్రం 'కార్డు ఉందిగా' అనేస్తారు. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

టాపప్ వద్దు. ఇందులో రెండో మాట లేదు. ఇప్పటికే అప్పు మీద నడుస్తున్న విహారయాత్రకు ఇంకో అప్పు తెచ్చి బస్సు సీట్లు కొనడం ఏం ఆలోచనండీ? సాధారణంగా టాపప్ అంటే పాత అప్పు గడువు మళ్లీ మొదటికొస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు మళ్లీ కట్టాలి. ఒక్క రోజు చూసిన ఊరికి మూడేళ్లపాటు కిస్తీలు కడతారు. బ్యాంకు ఫోన్ చేస్తోందంటే మీ అవసరం తెలిసి కాదు, మీ కిస్తీలు సక్రమంగా కడుతున్నారని తెలిసి.

ఇక తిరగడం సంగతి. ఐదు చోట్లకీ ఒకే పద్ధతి ఎంచుకోవాలనుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు. షిప్ వాళ్ల టూర్‌కు మీరిచ్చే ధరలో బస్సు, గైడ్ కాకుండా ఇంకోటి కూడా ఉంది. ఆ టూర్ బస్సు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది. ఆగలేకపోతే మిమ్మల్ని తర్వాతి రేవుకు చేర్చే ఖర్చు వాళ్లే భరిస్తారు. సొంతంగా వెళ్లి ఆలస్యంగా వస్తే షిప్ మీకోసం ఆగదు, ఆ ఖర్చంతా మీదే. అంటే టూర్ ధరలో కొంత భాగం నిజానికి బీమా ప్రీమియం. ఆ ప్రీమియం ఎక్కడ కట్టాలో, ఎక్కడ దండగో చూసుకుంటే మీ ప్రశ్న చాలావరకు తేలిపోతుంది.

జెనోవాలో షిప్పులు ఆగే టెర్మినల్ నుంచి పియాజ్జా ప్రిన్చిపే రైల్వే స్టేషన్ నడిచే దూరం, పాత ఊరు కూడా పక్కనే. పలెర్మోలోనూ రేవు దిగితే ఊళ్లోనే ఉంటారు. ఈ రెండు చోట్లా టూర్ కొంటే ఆ ప్రీమియం దండగే. మార్సెయ్‌లో టెర్మినల్ ఊరికి దూరం, అమ్మగారితో నడిచే పని కాదు. షటిలో, సిటీ బస్సో పట్టుకుంటే సరి. పాల్మాలో కెథడ్రల్ దగ్గరికి సిటీ బస్సు వెళ్తుంది, నలుగురు ఉన్నారు కాబట్టి టాక్సీ అయినా పెద్ద తేడా రాదు. ఈ నాలుగు చోట్లా ఊరు రేవును ఆనుకునో, కొద్ది కిలోమీటర్ల దూరంలోనో ఉంది. బస్సు రాకపోతే టాక్సీ ఎక్కి వచ్చేయొచ్చు.

రోమ్ కథ వేరు. చివితావెక్యా నుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. రైలు 60 యూరోలే అని రాశారు, నిజమే. కానీ ఆ రోజు గంటల లెక్క వేసి చూశారా? షిప్ ఉదయం 7కు ఆగి సాయంత్రం 7కు కదులుతుందనుకుందాం. చివరి ఎక్కే సమయం సాధారణంగా దానికి అరగంట ముందు, కొన్ని షిప్పుల్లో గంట ముందు. ఉదయం టిఫిన్ చేసి, పాపను తెమిల్చి, షిప్ దిగేసరికి ఎనిమిదిన్నర. రేవు లోపలి షటిల్ మిమ్మల్ని లార్గో దెల్లా పాచే దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి స్టేషన్‌కు మరో బస్సు, లేదా ఇరవై నిమిషాల నడక. ఆ తర్వాత రైలు కోసం ఎదురుచూపు. ప్రాంతీయ రైల్లో రోమ్‌లోని టెర్మినీ స్టేషన్‌కు గంటకు పైనే పడుతుంది. పదిన్నరకు రోమ్‌లో అడుగుపెడితే త్వరగా వెళ్లినట్టే. తిరుగు ప్రయాణానికి ఒక రైలు తప్పిపోయినా ఫర్వాలేదనుకునేంత వెసులుబాటు ఉంచుకోవాలంటే రెండున్నర, మూడు గంటలకల్లా రైలెక్కాలి. చేతిలో మిగిలేది నాలుగు గంటలు. కొలోసియం టికెట్ పేరు మీద, సమయం వేసి ఇస్తారు. ఆ సమయానికి చేరకపోతే టికెట్ డబ్బులూ పోతాయి.

ఇటలీలో రైల్వే సమ్మెలు మామూలే. ముందే ప్రకటిస్తారు కాబట్టి వెళ్లే వారం చూసుకోవచ్చు. సమ్మె రోజున కూడా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు ప్రాంతీయ రైళ్లు నడుపుతారు. చూడండి, మీరు తిరిగి రావాల్సిన మధ్యాహ్నం ఆ గంటల్లోకి రాదు. సాయంత్రం 6 రైలు నడిచినా మీకు పనికిరాదు, అప్పటికి షిప్ మెట్లు ఎత్తేస్తుంటారు.

ఇప్పుడు తప్పిపోతే ఏమవుతుందో చూడండి. ఈ లెక్క ఎవరూ వెయ్యరు. తర్వాతి రేవు నేపుల్స్ అయ్యుంటే నేను ఇంత కంగారు పడను. రోమ్ నుంచి అక్కడికి హైస్పీడ్ రైల్లో గంటా పది నిమిషాలు. మీ షిప్ తర్వాత వెళ్లేది పలెర్మోకు, అంటే సిసిలీ దీవికి. రైలుందని మురిసిపోకండి. మెస్సీనా జలసంధి దగ్గర ఆ రైలును పెట్టెలతో సహా ఫెర్రీలోకి ఎక్కిస్తారు, మొత్తం ప్రయాణం పదకొండు, పన్నెండు గంటలు. చూడముచ్చటే కానీ షిప్ అందుకోవాల్సిన వాళ్లకు కాదు. మిగిలింది విమానం. అప్పటికప్పుడు నాలుగు టికెట్లు, ఒక రాత్రి హోటల్, ఎయిర్‌పోర్టుకు రానూపోనూ టాక్సీలు. సామాను, అమ్మగారి మందులు షిప్ క్యాబిన్‌లో. రైలెక్కి మిగిల్చిన 500 యూరోలు ఆ ఒక్క రాత్రికే చాలవు.

అందుకని రోమ్‌కు మాత్రం షిప్ వాళ్లతోనే వెళ్లండి. కానీ 560 పెట్టి గైడ్ టూర్ అక్కర్లేదు. చాలా షిప్ కంపెనీలు రోమ్‌కు బస్సు మాత్రమే అమ్ముతాయి. పొద్దున ఊళ్లో దింపుతారు, ఫలానా చోటికి ఫలానా సమయానికి రమ్మంటారు, మధ్యలో మీ ఇష్టం. గైడ్, భోజనం, ప్రవేశ టికెట్లు ఉండవు, ధర గైడ్ టూర్ కన్నా తక్కువ. రోడ్డు మీద ఆ బస్సు ఆలస్యమైతే ఆ బాధ్యత షిప్ వాళ్లది. బస్సు దగ్గరికి మీరు ఆలస్యంగా వస్తే మాత్రం ఆ హామీ లేదు, అది గుర్తుంచుకోండి. మీ షిప్ యాప్‌లో టూర్ల జాబితా చివరిదాకా వెతకండి, ఇలాంటివి సాధారణంగా అడుగున పడి ఉంటాయి. ఇలా చేస్తే ఐదు చోట్లకీ కలిపి మీ ఖర్చు 1,900లో సగం కూడా కాదు. అదీ చేతిలో ఉంటేనే. లేకపోతే రోమ్ మానేసి చివితావెక్యా ఊళ్లోనే సముద్రపు ఒడ్డున పాపతో గడపండి. నవ్వులాటకు అనట్లేదు.

ప్రైవేట్ వ్యాన్ 450 అంటున్నారు. ఇంటి ముందుకు వచ్చినట్టు రేవుకు వస్తుంది, అమ్మగారికి సుఖం. కానీ షిప్ హామీ ఉండదు. వద్దు.

అసలు విషయానికి వస్తాను. 'అత్యవసరమైతే క్రెడిట్ కార్డు ఉంది' అన్నారు. షిప్ ఎక్కగానే లోపలి ఖర్చుల కోసం మీ కార్డు నమోదు చేసుకుంటారు. మీరు పైసా ఖర్చు పెట్టకముందే ఆ కార్డు మీద కొంత మొత్తం హోల్డ్ పెడతారు, ఖర్చును బట్టి మళ్లీమళ్లీ పెడుతుంటారు. ఆ మేరకు మీ లిమిట్ తగ్గిపోతుంది. నాలుగో రోజున రోమ్‌లో విమాన టికెట్లు కొనబోతే కార్డు తిరస్కరించినా ఆశ్చర్యం లేదు. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, దాని మీద ఫీజు. తిరిగొచ్చాక కనీస మొత్తం కట్టి సరిపెట్టుకుంటే నెలకు 3 శాతం పైనే పడుతుంది. ఇలాంటి దాన్ని అత్యవసర నిధి అనడం నాకు మింగుడుపడదు. అది అప్పు ఇచ్చేవాడి ఫోన్ నంబరు, అంతే.

కాబట్టి ఇలా చేయండి. షిప్‌లో ఒక కార్డు ఇవ్వండి, డెబిట్ కార్డు మాత్రం వద్దు, హోల్డ్ పెడితే అది మీ సొంత డబ్బును బిగించేస్తుంది. రెండో కార్డును షిప్ వాళ్లకు చూపించకండి. దానికి విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకుని, మీ భార్య దగ్గర ఉంచండి. దానికి తోడు కనీసం 1,000 యూరోలు అందుబాటులో ఉండాలి, కొంత నగదు, మిగిలింది ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ ముందే వేసుకునే కార్డు). ఇది టూర్ల డబ్బు కాదు, షాపింగ్ డబ్బు కాదు. షిప్ తప్పినా, అమ్మగారికి ఒంట్లో బాగోకపోయినా తీసేది. ఏమీ కాకపోతే తిరిగొచ్చిన వారంలో మళ్లీ ఎఫ్‌డీలో పడాలి. ఈ 1,000 కూడా అప్పు చేస్తే తప్ప రాదంటే, ఐదు చోట్లా రేవు చుట్టుపక్కలే నడవండి.

ఇక 'ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంది' అనే మాట. షెంజెన్ వీసాకు కావాల్సింది కనీసం 30,000 యూరోల వైద్య కవర్, స్వదేశానికి చేర్చే ఖర్చుతో సహా. చాలామంది ఆ అంకె తెరమీద కనిపించేదాకా ప్రీమియం తగ్గించుకుంటూ పోయి అత్యంత చవకది కొంటారు. అది వీసా అధికారికి చాలు. 68 ఏళ్ల షుగర్ రోగిని సముద్రం మధ్యలోంచి ఒడ్డుకు తరలించాల్సి వస్తే చాలుతుందా? పాలసీ పత్రం తెరిచి నాలుగు విషయాలు చూడండి. క్రూయిజ్ ప్రయాణం కవర్ అవుతుందా, ముందునుంచీ ఉన్న జబ్బుల వల్ల వచ్చే అత్యవసరానికి ఎంత ఇస్తారు, అమ్మగారి బీపీ, షుగర్ సంగతి ప్రపోజల్‌లో (పాలసీ దరఖాస్తులో) రాశారా, షిప్ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందా. మూడోది రాయకపోతే మిగతా మూడూ ఉన్నా లేనట్టే, క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. షిప్‌లోని డాక్టరు దగ్గర ముందు మీ ఖాతాలోనే బిల్లు పడుతుంది, తర్వాత మీరు క్లెయిమ్ చేసుకోవాలి. అంటే ఇన్సూరెన్స్ ఉన్నా ముందు చేతి డబ్బు కావాలి. మళ్లీ ఆ 1,000 దగ్గరికే వచ్చాం.

'మిస్డ్ కనెక్షన్' అనే పదం చూసి షిప్ తప్పినా డబ్బు వస్తుందని అనుకోకండి. చాలా పాలసీల్లో అది మీ విమానం ఆలస్యమైతేనే. ఊరు చూడ్డానికి వెళ్లి మీరు ఆలస్యంగా వస్తే వర్తించదు. అమ్మగారికి విడిగా, ఎక్కువ మొత్తానికి ఇంకో పాలసీ తీసుకోండి. టాపప్ తీసుకోమని మీ బ్యాంకు చేసే ఫోన్లలో పదోవంతు పట్టుదల దీని మీద చూపించండి చాలు.

రోమ్‌కు వెళ్లే రోజు సంచిలో అమ్మగారి రెండు రోజుల మందులు, ఆ రోజు షిప్ వాళ్లిచ్చే కాగితం ఉండాలి. అందులో పోర్ట్ ఏజెంట్ (రేవులో షిప్ కంపెనీ తరఫున పనులు చూసే మనిషి) ఫోన్ నంబరు ఉంటుంది. మీరు రాకపోతే క్యాబిన్ సేఫ్‌లోని పాస్‌పోర్టులను సాధారణంగా ఆ ఏజెంట్‌కే అప్పగించి వెళ్తారు. పాస్‌పోర్టులు మీ వెంటే తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది, ఇటలీలో విదేశీయుల దగ్గర గుర్తింపు పత్రం ఉండాలి కూడా.

తిరిగొచ్చాక మొదటి జీతం నుంచే ఎఫ్‌డీ నింపడం మొదలుపెట్టండి. కిస్తీలు, ఇంటి ఖర్చు కలిపి ఆరు నెలలకు సరిపడా చేరేదాకా కొత్త సిప్‌లు, షేర్లు, బంగారం ఏవీ వద్దు. టర్మ్ పాలసీ గురించి ఏమీ రాయలేదు, లేకపోతే దానికి కూడా అప్పుడే దరఖాస్తు చేయండి.

చిన్న విషయం. ఇటలీలో కార్డు గీకినప్పుడు మెషీన్ 'యూరోల్లోనా, మీ కరెన్సీలోనా' అని అడిగితే యూరోలే నొక్కండి. రెండోది నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. క్రెడిట్ కార్డు మీద ఎలాగూ 3.5 శాతం వరకు విదేశీ మారకపు రుసుము, దాని మీద పన్ను పడతాయి కాబట్టి రోజువారీ ఖర్చులకు ఫారెక్స్ కార్డే మేలు. అందులో ఆ 1,000 కాక విడిగా వేసుకోండి.