పాత్రలు ఎదురు తిరగకుండా ఎందుకు చనిపోతున్నాయి?

పర్లాకిమిడిలో సాగే మీ నవలలో ముగ్గురూ కేకైనా వేయకుండా హంతకుడికి లొంగిపోవడం నమ్మశక్యంగా లేదని బరంపురం మిత్రులు అన్నారని రాశారు. వారి అభ్యంతరం సబబే. అయితే లోపం ఆ మౌనంలో లేదు, దానికి ముందు విఫలమైన ప్రయత్నాలను మీరు చూపకపోవడంలో ఉంది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు సెలిగ్మన్, మేయర్ 1967లో ప్రచురించిన ప్రయోగాలలో, ఏం చేసినా విద్యుత్ షాకు ఆగదని అనుభవించిన కుక్కలలో చాలా భాగం, తరువాత చిన్న అడ్డు దూకితే బయటపడగలిగే చోట కూడా కదలకుండా ఉండిపోయాయి. నిస్సహాయత అనుభవం నుంచి నేర్చుకునేదని అప్పట్లో భావించిన ఆ ఇద్దరే, 2016లో, దీర్ఘ బాధకు చేష్టలుడగడమే సహజ స్పందన అనీ, పరిస్థితి తన చేతిలో ఉందన్న ఎరుకే నేర్చుకునేదనీ సవరించారు.

ఒడిశాలోని పర్లాకిమిడికి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం పక్కనే ఉందని మీ పాఠకులకు తెలుసు కనుక, రెండో పాత్రను ఒకసారి సరిహద్దు దాటనిచ్చి, అక్కడ కూడా హంతకుడే ఎదురుచూస్తున్నట్టు చూపండి. ఆ తరువాత ఆమె తలుపు గడియ వేయకపోయినా ఎవరూ ప్రశ్నించరు. మూడో పాత్ర చివరి ఉపన్యాసాన్ని మాత్రం తీసేయండి. ప్రాణం పోయే వేళ అంత చక్కని వ్యాకరణం ఎవరికీ తోచదు.