మధ్యస్థ పరిమాణపు కొత్త పిస్టల్: తొలి అభిప్రాయాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంతకాలం షూటింగ్ రేంజ్‌లో పెద్ద పిస్టల్‌తో సాధన చేసినవారు మధ్యస్థ పరిమాణంలోని కొత్త సెమీ ఆటోమేటిక్‌కు మారితే మొదట ఏం తేడా తెలుస్తుందనీ, తొలిరోజు కలిగిన అభిప్రాయాన్ని బట్టి అది తమకు సరిపోతుందో లేదో తేల్చుకోవచ్చా అనీ మీరు అడిగారు. నేను చాలాకాలం బెరెటా 92 ఎఫ్‌ఎస్ అనే పెద్ద లోహపు పిస్టల్‌తో సాధన చేసి, ఆ తరువాత మధ్యస్థ పరిమాణపు ఐదవ తరం గ్లాక్ 19కు మారినవాణ్ణి కాబట్టి ఆ అనుభవం నుంచే చెబుతాను. రీకాయిల్ (పేలినప్పుడు పిస్టల్ వెనక్కు తన్నడం) గురించి తొలిరోజు ఏర్పడే అభిప్రాయాన్ని పెద్దగా పట్టించుకోకండి. పిడి గురించీ, ట్రిగ్గర్ గురించీ ఏర్పడే అభిప్రాయాన్ని మాత్రం తీసిపారేయకండి, ఎందుకంటే మొదటిది కొద్దిపాటి సాధనతో మారిపోతుంది, మిగిలిన రెండూ అంత తేలిగ్గా మారవు.

మధ్యస్థ పరిమాణం అన్నప్పుడు తగ్గేది ఎంత అన్నది ముందు చూద్దాం. 1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన పెద్ద గ్లాక్ 17 బ్యారెల్ (గొట్టం) పొడవు 114 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో (పిడిలోకి దూర్చే తూటాల పెట్టెలో) 17 రౌండ్లు, అంటే తూటాలు, పడతాయి. 1988లో వచ్చిన గ్లాక్ 19లో బ్యారెల్ 102 మిల్లీమీటర్లకు, రౌండ్లు 15కు తగ్గాయి, పిడి కూడా ఆ మేరకు పొట్టిదయింది. కాగితం మీద ఈ తేడా స్వల్పంగానే కనిపిస్తుంది గాని, చేతికి మాత్రం ఇది ముఖ్యంగా చిటికెన వేలి దగ్గర తెలుస్తుంది. పెద్ద అరచెయ్యి ఉన్నవారికి చిటికెన వేలు పిడి అంచు మీదికి వచ్చి ఆగుతుంది, చిన్న చెయ్యి ఉన్నవారికి అసలు తేడాయే తెలియకపోవచ్చు. 2017లో వచ్చిన ఐదవ తరంలో పిడి ముందువైపున ఉండే వేళ్ళ గాడులను తీసివేశారు, నా దృష్టిలో ఇది ఈ పిస్టల్‌లో జరిగిన మార్పులన్నింటిలోకీ తెలివైనది, ఎందుకంటే ఆ గాడులు ఎవరి వేళ్ళ కొలతతో చేశారో గాని నా వేళ్ళు వాటి గట్ల మీద కూర్చునేవి.

కొత్త పిస్టల్ పెట్టెలోంచి తీయగానే రేంజ్‌కు తీసుకుపోకుండా, ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (పేలడానికి తూటా కూర్చునే గది) ఖాళీగా ఉన్నదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్న తరువాత, విడదీసి లోపల ఒకసారి చూసుకోవడం మంచిది. గ్లాక్ స్లైడ్ (పేలినప్పుడు వెనక్కూ ముందుకూ కదిలే పైభాగం) లోపలివైపు రాగి రంగు గ్రీజు పూసి ఉంటుంది. అది మురికి కాదు, మొదటి కొన్ని వందల రౌండ్ల వరకు భాగాలు ఒరుసుకొని కుదురుకోవడానికి పూసినది, దాన్ని తుడిచివేయకూడదు. బెరెటా వంటి వాటి నుంచి వచ్చేవారు ఇక్కడ మరొక విషయం మనసులో ఉంచుకోవాలి: బెరెటాను విడదీయడానికి ట్రిగ్గర్ నొక్కవలసిన పనిలేదు, గ్లాక్‌ను విడదీయాలంటే మాత్రం ముందు ట్రిగ్గర్ నొక్కి తీరాలి. ఛాంబర్‌లో ఒక్క రౌండ్ మరచిపోయినా ఆ క్షణంలో అది పేలుతుంది. అందుకే ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకోవడం ఈ పిస్టల్ విషయంలో అతిజాగ్రత్త అనిపించుకోదు.

ఇక పేల్చినప్పటి సంగతి. 92 ఎఫ్‌ఎస్ బరువు ఖాళీ మ్యాగజైన్‌తో దాదాపు 950 గ్రాములు, గ్లాక్ 19 అదే స్థితిలో సుమారు 670 గ్రాములు. రెండింటిలోనూ అదే 9×19 (9 మిల్లీమీటర్ల) తూటా, అదే మందు, కాబట్టి వెనక్కు తన్నే వేగం తేలికైన పిస్టల్‌లో ఎక్కువగా ఉండటం సహజం. మొదటి రౌండ్‌కే ముందు గురిపుల్ల చటుక్కున పైకి లేచి కంటికి అందకుండా పోతుంది, బెరెటాలో అలవాటైన ఆ నెమ్మదైన తోపు ఉండదు. ఇక్కడే చాలామంది ఈ పిస్టల్ గట్టిగా తంతుందని తేల్చేస్తారు. కాని చూడవలసింది గురిపుల్ల ఎంత ఎత్తుకు లేచిందన్నది కాదు, అది తిరిగి ఎక్కడికి వచ్చి ఆగిందన్నది. రెండు బొటనవేళ్ళనూ ముందుకు చాపి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండే కండను పిడి పైభాగానికి ఎంత ఎత్తుగా వీలైతే అంత ఎత్తుగా ఆనించి, ఎడమచేతితో గట్టిగా బిగించి పట్టినప్పుడు, గురిపుల్ల లేచిన దారినే దిగివచ్చి వెనుక గురి గాడిలో దాదాపుగా మధ్యకే వచ్చి నిలవడం నాకు తొలిరోజే కనిపించింది. అంతకుమించి ఆ రోజున రీకాయిల్ నుంచి తెలుసుకోవలసింది లేదు.

దీనికే సంబంధించిన మరొక సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. ఒక్కొక్క రౌండ్ సుమారు 12 గ్రాములు ఉంటుంది కాబట్టి 15 రౌండ్లు నింపితే బరువు 180 గ్రాములు పెరుగుతుంది. బరువైన లోహపు పిస్టల్‌లో ఇది అంతగా తెలియదు గాని, తేలికైన పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) పిస్టల్‌లో నిండా ఉన్నప్పటి బరువులో అయిదోవంతు అదే. మ్యాగజైన్ చివరి రౌండ్ల దగ్గర పిస్టల్ కొంచెం ఎక్కువ ఎగురుతున్నట్లు అనిపిస్తే అది భ్రమ కాదు.

ట్రిగ్గర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేడా అంతా ఇక్కడే ఉన్నది. బెరెటాలో సుత్తి దించి ఉన్నప్పుడు మొదటి నొక్కు పొడవైనది, బరువైనది. ఆ తరువాతి నొక్కులన్నీ పొట్టివి, తేలికైనవి. గ్లాక్‌లో సుత్తి లేదు. స్లైడ్ కదలిక స్ట్రైకర్‌ను (సుత్తికి బదులుగా తూటాను పేల్చే పుల్లను) కొంతవరకే బిగించి పెడుతుంది, మిగిలిన బిగింపును ట్రిగ్గర్ పూర్తిచేసి వదులుతుంది, కాబట్టి మొదటి నొక్కు నుంచి చివరి నొక్కు దాకా అన్నీ ఒకేలా, సుమారు రెండున్నర కిలోల బలంతో ఉంటాయి. వేలు పెట్టగానే కొంతదూరం వదులుగా కదిలి, ఒకచోట గోడకు తగిలినట్లు ఆగుతుంది. అక్కడి నుంచి బరువు పెంచుతూ పోతే పిస్టల్ పేలుతుంది. పేలిన తరువాత వేలు పూర్తిగా తీయకుండా నెమ్మదిగా వదిలితే మధ్యలో టక్కుమని చిన్న చప్పుడు వినిపించి, వేలికి కూడా తెలుస్తుంది. ట్రిగ్గర్ మళ్ళీ సిద్ధమైనదని దాని అర్థం. తొలిరోజు ఒక మ్యాగజైన్‌ను ఈ ఒక్క చోటును పట్టుకోవడానికే కేటాయించండి. పేలిన తరువాత ట్రిగ్గర్‌ను వెనక్కే పట్టి ఉంచి, గురి కుదిరాక వదిలి, టక్కు వినపడగానే ఆగి, మళ్ళీ నొక్కడం. వేగంగా పేల్చేటప్పుడు అంత నిదానం పనికిరాదు, అది వేరే సంగతి. కాని ట్రిగ్గర్ ఎక్కడ పట్టుకుంటుందో వేలికి తెలియకుండా వేగానికి పోతే గుళ్ళు టార్గెట్ మీద చెదిరిపోతాయి.

గురి దూరం తగ్గింది కాబట్టి గుళ్ళు చెదురుతున్నాయని చెప్పేవారిని రేంజ్‌లో తరచుగా చూస్తాము. దీనికి లెక్క ఉన్నది. గ్లాక్ 17లో ముందు గురికీ వెనుక గురికీ మధ్య దూరం 165 మిల్లీమీటర్లు, గ్లాక్ 19లో 152 వరకు. గురి కుదర్చడంలో ఒక మిల్లీమీటరు తప్పు జరిగితే, పది మీటర్ల దూరంలోని టార్గెట్ మీద పెద్దదానితో సుమారు 61 మిల్లీమీటర్లు, దీనితో సుమారు 66 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. అంటే అదే తప్పుకు అరసెంటీమీటరు ఎక్కువ శిక్ష, అంతే. గుళ్ళు అరచేతి వెడల్పున చెదిరితే కారణం పొట్టి పిస్టల్ కాదు, ట్రిగ్గర్ నొక్కేటప్పటి కదలికే.

ఆ కదలికలో అందరికీ వచ్చేది పేలుడును ముందే ఊహించి మణికట్టును కిందికి తోయడం. కుడిచేతివాటం వారికి గుళ్ళు ఎక్కువగా కిందికీ ఎడమకూ పడుతుంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే. తోడుగా వచ్చినవారికి మ్యాగజైన్ ఇచ్చి, అసలు రౌండ్ల మధ్య ఒకటిరెండు డమ్మీ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) మీకు తెలియకుండా కలిపి నింపమనండి. డమ్మీ వచ్చినప్పుడు స్ట్రైకర్ మాత్రమే టిక్కుమంటుంది, పిస్టల్ ముక్కు కిందికి వంగిందా నిలకడగా ఉన్నదా అన్నది మీకూ పక్కవారికీ స్పష్టంగా కనిపిస్తుంది. పైగా కొత్త మ్యాగజైన్ స్ప్రింగ్ బిగువుగా ఉండి చివరి రెండు రౌండ్లు నింపేసరికి బొటనవేలు నొప్పిపుడుతుంది కాబట్టి, ఆ పని పక్కవారికి అప్పగించడం మరో లాభం.

చివరి రౌండ్ పేలిన తరువాత స్లైడ్ వెనక్కు ఆగకుండా మూసుకుపోతే పిస్టల్‌లో లోపం ఉన్నదని కంగారుపడకండి. బొటనవేళ్ళు ఎత్తుగా పట్టేవారి వేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను వెనక్కు ఆపి పట్టే మీట) మీద ఆని దాన్ని పైకి లేవనివ్వదు. ఐదవ తరంలో ఆ మీట రెండు వైపులా ఉండటం వల్ల దీనికి అవకాశం ఇంకొంచెం ఎక్కువ. పేలిన తూటా ఖాళీ తొడుగు స్లైడ్‌లో ఇరుక్కుంటే కూడా ముందు చూడవలసింది మణికట్టు బిగువునే. ఫ్రేమ్ తేలికైనది కావడం వల్ల వదులుగా పట్టినప్పుడు పిస్టల్ మొత్తం వెనక్కు పోయి, స్లైడ్ పూర్తి దూరం కదలడానికి చాలినంత బలం మిగలదు. పట్టు సరిగా ఉన్నా అదే జరుగుతుంటే అప్పుడు తూటాను మార్చి చూడండి. మొదటి రోజుకు 115 లేదా 124 గ్రెయిన్ల (గుండు బరువును కొలిచే ప్రమాణం) సాధారణ సాధన తూటాలు చాలు.

పాతదాన్ని పక్కన పెట్టాలా అని కూడా అడిగారు. ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన చేసే అలవాటు మీకుంటే, నా సలహా ఉంచుకొమ్మనే. బెరెటాలో సుత్తి పడిన తరువాత కూడా వరుసగా ట్రిగ్గర్ నొక్కుతూ పోవచ్చు. గ్లాక్‌లో ఒక్కొక్క నొక్కుకూ స్లైడ్‌ను కొద్దిగా వెనక్కు లాగి వదిలితే తప్ప ట్రిగ్గర్ సిద్ధం కాదు, దానితో ప్రతిసారీ పట్టు సడలి మళ్ళీ కుదుర్చుకోవలసి వస్తుంది. నేను వేలి బలానికి బెరెటానూ, పట్టు కుదర్చడానికి గ్లాక్‌నూ వాడుతున్నాను.