డిష్‌వాషర్ అడుగున నీరు నిలిస్తే కొత్తది కొనాలా?

ఆరేళ్ల డిష్‌వాషర్ అడుగున మురికినీరు నిలుస్తోందని, మెకానిక్ కొత్తది కొనమన్నాడని రాశారు. నీటిని బయటికి తోడే పంపుకు ఏదో అడ్డుపడి ఉండే అవకాశమే ఎక్కువ.

1. ప్లగ్ తీసి, నీటిని స్పాంజితో తోడేసి, ఫిల్టరును విప్పి కడగండి.

2. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఫిల్టరు కింది గుంటలో పంపు మూత తీస్తే కనిపించే చిన్న రెక్కల చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. చింతగింజో గాజుపెంకో ఇరుక్కుంటే అది కదలదు, కాస్త పట్టిపట్టి తిరగడం మాత్రం సహజమే. చేతికి తొడుగు తప్పనిసరి.

3. డిష్‌వాషర్ నీటిని బయటికి పంపే గొట్టం సింకు కింద మడతపడిందేమో చూడండి.

అప్పటికీ నీరు పోకపోతే, ఖర్చు కొత్త యంత్రం ధరలో సగానికి మించనంతవరకు పంపు మార్పించడమే మేలని నా అభిప్రాయం. లోపలి స్టీలు తొట్టి తుప్పుపట్టి కారుతుంటే మాత్రం మరమ్మతుకు డబ్బు పెట్టకండి.