‘మీరు ఇంట్లోనే ఉండండి’ అంటే ఎందుకు గుచ్చుకుంది?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. మహబూబ్‌నగర్ దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ టీచర్‌ని. బడి, ఇల్లు తప్ప మూడో చోటు తెలియదు. కురుమూర్తి జాతరకు పోయినా చీకటి పడేలోపు ఇంటికొచ్చి పడాలి. నా భార్య, పిల్లలు, బామ్మర్ది కుటుంబం కలిసి సంక్రాంతి సెలవుల్లో సూర్యలంక బీచ్‌కు పోదామంటారు. ఇప్పటికి ఆరుసార్లు పోయాం. ఆరుసార్లూ ముందు వద్దనే అన్నాను. దారి పొడవునా గొణుగుతూనే ఉంటాను. కానీ అక్కడికి పోయాక నాకు చాలా బాగుంటుంది. పొద్దున్నే ఒడ్డున కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఈసారి నా భార్యే ‘పాపం, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు, మీరు ఇంట్లోనే ఉండండి, మేం పోయొస్తాం’ అంది. సరే అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇల్లే ఇష్టమైనవాడికి ఇంత బాధ ఎందుకు? ఇప్పుడు వస్తానంటే నవ్వుతారు. చిన్నప్పుడు అమ్మానాయన బొంబాయి పనికి పోతే అవ్వ దగ్గర పెరిగాను. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?
పేరు వద్దన్నారు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: సార్, మీ ఉత్తరం సగం చదివేసరికి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. ఆరుసార్లు వద్దన్నారు, ఏడోసారి వాళ్లు మీ మాట విన్నారు. వాళ్ల తప్పేముంది? ఆ బొంబాయి మాట దగ్గరికి వచ్చాక మాత్రం నవ్వు ఆగిపోయింది. దాని సంగతి కాసేపాగి చెప్తాను.

ఇంటిపట్టున ఉండే మనిషికి సముద్రం నచ్చితే ఏదో తేడా ఉన్నట్టు మీరు కంగారు పడుతున్నారు. నాకైతే అందులో తేడా ఏమీ కనపడలేదు. మా పెద్దమ్మ గద్వాలలో ఉండేది. ఊరు దాటుదామంటే చాలు, మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చేవి. 2016లో కృష్ణా పుష్కరాలకు బీచుపల్లి తీసుకుపోతామంటే వారం రోజులు సతాయించింది. బర్రెకు నీళ్లెవరు పెడతారు, పాలోడు వస్తే ఎవరు తీసుకుంటారు, ఇవన్నీ. తీరా ఘాట్‌లో దిగాక నీళ్లల్లోంచి బయటికి రాదు. ‘మళ్లీ 2028లో కదా, అప్పటికి ఉంటానో లేదో’ అంటూ ఒక మునక, ‘ఇది మీ పెదనాయన పేరు మీద’ అంటూ ఇంకో మునక. మేం ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడలేక చచ్చాం. ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే ‘అమ్మయ్య, ఇల్లు చేరినం’ అంది. ఆ ఆనందం నిజమే, ఈ అమ్మయ్యా నిజమే. ఆమెకు రెండింటితో ఏ పేచీ లేదు. మీకే ఎందుకో ఉంది.

పేచీ అసలు సముద్రంతో లేదు, మీ ‘వద్దు’తో ఉంది. సంతలో మొదట చెప్పే ధర చూడండి, ఆ ధరకు కొనమని కాదు కదా దాని అర్థం. అవతలివాళ్లు బేరమాడాలి, మనం కాస్త దిగాలి, చివరకు ‘సరే, నీ మాట కాదనలేక’ అని ఇచ్చేయాలి. మీ ‘వద్దు’ అలాంటిదే. మీరు వద్దంటారు, ఇంట్లోవాళ్లు బతిమాలుతారు, మీరు వస్తారు. బతిమాలించుకోవడంలో ఒక సుఖం ఉంటుంది. మా ఇంట్లో ఆయనకూ ఉంది, నాకు తెలుసు.

ఇప్పుడు అటు వైపు నుంచి చూడండి. ఆరేళ్లు ఆమె రూములు చూసి, బట్టలు సర్ది, దారి పొడవునా మీ గొణుగుడు విని, అక్కడ మూడు రోజులు మీ ముఖం చూస్తూ గడిపి ఉంటుంది. ఎండ తగులుతుందేమో, కూర నచ్చలేదేమో, ఎప్పుడు పోదామంటారో అని. మీరు ఒడ్డున మాట్లాడకుండా కూర్చుంటే, మీ లోపల ఎంత హాయిగా ఉందో ఆమెకెలా తెలుస్తుంది? దూరం నుంచి చూస్తే హాయిగా కూర్చున్న మగవాడూ, అలిగి కూర్చున్న మగవాడూ ఒకేలా ఉంటారు సార్. ఈసారి ఆమె మీ మీద జాలిపడి వదిలేసింది. అందులో ప్రేమే ఎక్కువ, కాస్త అలసట కూడా ఉంది. మిమ్మల్ని వద్దనుకోవడం మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

మరి అంత ప్రేమగా చెప్పిన మాటకు నిద్ర ఎందుకు పట్టలేదు? ఇక్కడే మీ చివరి వాక్యం.

మన పాలమూరులో ఇల్లు విడిచి పోవడమంటే చాలాకాలం వలసే. ‘పాలమూరు లేబర్’ అన్న మాట ఊరికే పుట్టలేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మన జిల్లావాళ్ల చెమట ఉంది. మేస్త్రీ ముందే అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. అది తీరేదాకా మనిషి అతని వెంట పోవాల్సిందే. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి బొంబాయికి, పుణెకు జనం మూటాముల్లె కట్టుకుని బస్సులెక్కేవాళ్లు. ఊళ్లో ముసలివాళ్లు, బడి ఈడు పిల్లలు మిగిలేవాళ్లు. మా క్లాసులోనే అలాంటివాళ్లు నలుగురైదుగురు ఉండేవాళ్లు. పోయేవాళ్లు పిల్లలకు ఏం చెప్పేవాళ్లో మీకు నేను చెప్పక్కర్లేదు. ‘నువ్వు అవ్వ దగ్గరనే ఉండు బిడ్డా, ఇల్లు కనిపెట్టుకోని ఉండు, మేం పోయొస్తం.’

మీ భార్య అన్న మాటను ఇప్పుడు ఇంకోసారి చదవండి.

ఆమెకు ఇదంతా తెలిసి అనలేదు. మీకూ వెంటనే తట్టి ఉండదు. నలభై ఏళ్ల కింద గడపలో నిలబడి విన్న మాటే మళ్లీ చెవిన పడింది, నిద్ర ఎగిరిపోయింది. ఇది నేను దూరం నుంచి అనుకుంటున్నదే. మీకు కాదనిపిస్తే పక్కన పెట్టేయండి, నేనేమీ అనుకోను. ఒకవేళ అవుననిపిస్తే మాత్రం, మీ ఇల్లంటే మీకున్న పట్టు సోమరితనమో, పిరికితనమో అని ఇకమీదట ఎవరన్నా నమ్మకండి. అమ్మానాయన తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లులా ఉండాలని కాపలా ఉన్న పిల్లవాడి అలవాటు అది. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద కథ ఎందుకంటారేమో. ఉత్తరంలో ఆ మాట రాసింది మీరే కదా.

సరే, ఏం చేయాలి. చెప్పాలి, అంతే. ముందు మీ భార్యకు, పిల్లలు లేనప్పుడు. ‘నాకూ రావాలనుంది. ప్రతిసారీ వద్దన్నా గానీ అక్కడ నాకు చాలా బాగుంటుంది. నువ్వు ఉండిపొమ్మంటే బాధేసింది.’ ఈ మూడు ముక్కలు చాలు. ‘మీరంతా అంతగా అనుకుంటున్నారు కాబట్టి వస్తాలే’ అని మాత్రం అనకండి. అది మళ్లీ సంత బేరమే. వీలైతే ఆ బొంబాయి సంగతి కూడా చెప్పండి. ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ పూర్తిగా చెప్పి ఉండరని నా అనుమానం.

నవ్వుతారా? నవ్వుతారు. మీ బామ్మర్ది అయితే మాచర్ల దాకా ఇదే మాట మీద నడిపిస్తాడు. బావను ఆటపట్టించే హక్కు బామ్మర్దికి కాకపోతే ఎవరికుంటుంది? ఒక రోజు భరించండి.

ఇక ఇంటిపట్టు మనిషి ప్రయాణం ఎలా చేస్తే సుఖంగా ఉంటుందో, ఆ జాతి మనిషిగా నాకు తెలిసింది చెప్తాను. బయల్దేరేటప్పుడు మన టెన్షన్ అంతా తాళం, గ్యాసు, మోటరు, ఈ మూడింటి చుట్టే తిరుగుతుంది. కల్వకుర్తి దాటాక ‘రెగ్యులేటర్ ఆపానా?’ అని మొదలవుతుంది. నేనైతే సిలిండర్, మోటరు స్విచ్చు, వేసిన తాళం, మూడింటికీ ఫోన్‌లో ఫోటో తీసుకుంటాను. అనుమానం వచ్చినప్పుడల్లా తీసి చూసుకుంటాను. మా పిల్లలు వెక్కిరిస్తారు, కానీ బండి వెనక్కి తిప్పమని అడగడం మానేశాను. జొన్న రొట్టెలు చేయించుకుని పల్లి పొడితో కట్టుకోండి, రెండు రోజులు ఏమీ కావు. సముద్రం ఒడ్డున ఇంటి రొట్టె తుంచుకుంటుంటే సగం ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. బడి తెరిచే ముందు రోజు కాకుండా ఇంకో రోజు ముందే ఇల్లు చేరేలా చూడమనండి. ఆ ఒక్క రోజు మీకు ఇంట్లో దొరికితే మిగతా రోజులు సముద్రానికి మనస్ఫూర్తిగా ఇస్తారు. ఇది వాళ్లను అడిగి తీసుకోవచ్చు, ఏమీ తప్పులేదు. దారి మాటకొస్తే, పండగ రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే ఎలా ఉంటుందో తెలిసిందే. మీరు జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా సాగర్ దాటి మాచర్ల, గుంటూరు పట్టుకుంటే ఆ రద్దీ చాలావరకు తప్పుతుంది.

ఒడ్డున కూర్చోవడం మీ సొత్తు, దాన్ని వదులుకోకండి. సూర్యలంకలో సూర్యుడు నీళ్లల్లోంచే లేస్తాడు. సంక్రాంతి రోజుల్లో ఆరున్నర దాటాక గానీ పైకి రాడు, కాబట్టి మీకు చీకట్లో లేవాల్సిన పని కూడా లేదు. ఒక్కరే కూర్చోవాలనుంటే చెప్పి కూర్చోండి. ‘గంటసేపు ఇక్కడుంటా, బాగుంది’ అంటే చాలు, ఆమె మీ ముఖం చూడటం మానేసి తన ఆటలో తాను ఉంటుంది.

ఒడ్డున ఒక కన్ను నీళ్ల మీద వేసి ఉంచే పెద్దమనిషి ఉండటం పిల్లలకూ మంచిదే. మన వైపు పిల్లలు బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చుకుంటారు. సముద్రంలో ఆ ధీమా పనికిరాదు. వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసుకను కూడా లాక్కుపోతుంది, ఈత వచ్చినవాణ్ణి కూడా లోపలికి గుంజుతుంది. మోకాళ్ల లోతు దాటనివ్వకండి, గార్డులు వద్దన్న చోట దిగనివ్వకండి, చీకటి పడ్డాక అసలే వద్దు. అయితే ఒక్క మాట. చెప్పులు, ఫోన్లు, తువ్వాళ్లు అన్నీ మీ ముందు పోసి వాళ్లంతా నీళ్లల్లోకి పోతారు చూడండి, ఆరుసార్లూ అదే జరిగి ఉంటుంది. అది మళ్లీ ఇల్లు కనిపెట్టుకుని ఉండటమే. ఈసారి ఒక పూట అవన్నీ రూములో పెట్టి తాళం వేసి, మీరూ ప్యాంటు మడుచుకుని దిగండి. పిల్లల్ని చూసేది అప్పుడు మీ భార్యాభర్తలిద్దరూ.

ఇంకో సంగతి, మీకు వర్తించదనుకుంటాను గానీ ఇది చదివే మరొకరికి పనికిరావచ్చు. బయటికి పోవాలంటే గుండె దడ, చెమటలు, ఊపిరాడనట్టు ఉండటం, బజారుకూ బడికీ కూడా పోలేకపోవడం, ఇవి ఉంటే దాన్ని ఇంటి ఇష్టం అనుకుని సర్దుకుపోకూడదు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ పడవు.

వచ్చే ఏడాది నిజంగానే పోబుద్ధి కాకపోతే పోకండి. అప్పుడు మీరు వద్దంటే అది వద్దే అని వాళ్లకూ తెలుస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. ఈ ఏడాది సంగతి వేరు. మిమ్మల్ని లెక్కలోంచి తీసేసి బండి మాట్లాడి ఉంటారు, మీ సీటు ఇప్పటికే బామ్మర్ది అత్తగారికి ఇచ్చేసి ఉన్నా ఆశ్చర్యం లేదు. అలా అయితే సికింద్రాబాద్ నుంచి బాపట్ల వైపు రైళ్లున్నాయి, అక్కడి నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లే, ఆటోలో పోవచ్చు. పండగ రిజర్వేషన్లు తొందరగా అయిపోతాయి. కాబట్టి ఈ రోజు రాత్రే అడగండి, బండిలో చోటుందా అని.