ట్యాగు ఊడిపోయిన వెనుక ఇరుసు

ప్రశ్న: పాత షెవ్రొలే పికప్ ట్రక్కు నుంచి విప్పిన వెనుక ఇరుసు ఒకటి నాకు దొరికింది. ట్యాగు (ఇరుసు వివరాలు ఉండే రేకు) ఊడిపోయింది. వెనుక మూతకు 14 బోల్టులు, చక్రానికి 8 స్టడ్లు ఉన్నాయి. ఇది ఏ రకం? నా దగ్గరున్న ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌కు దీన్ని అమర్చుకోవచ్చా?

జవాబు: మూత బోల్టులు లెక్కపెట్టడం మంచి మొదలే కాని, దానితో ఆగిపోకండి. షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ పాత ట్రక్కుల్లో 14 బోల్టుల మూత ఉన్న ఇరుసులు రెండు రకాలు: క్రౌన్ వీల్ (ఇరుసు మధ్యలోని పెద్ద పళ్ల చక్రం) వ్యాసం 10.5 అంగుళాలున్న ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు, 9.5 అంగుళాలున్న సెమీ ఫ్లోటింగ్ ఇరుసు. రెండింటిలోనూ 8 స్టడ్లవి ఉన్నాయి కనుక స్టడ్లను బట్టి తేల్చలేం. చక్రం మధ్యలో నుంచి హబ్ బయటికి పొడుచుకువచ్చి, దాని చివర యాక్సిల్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) అంచును 8 చిన్న బోల్టులు పట్టి ఉంచితే మీది 10.5 అంగుళాలదే. ఇందులో బండి బరువును హబ్ బేరింగులే మోస్తాయి, షాఫ్ట్ తిప్పే పని మాత్రమే చేస్తుంది. అందుకే బరువు లాగే బండికి దీన్నే నేను గట్టిగా సిఫారసు చేస్తాను. సెమీ ఫ్లోటింగ్‌లో షాఫ్టే బరువునూ మోస్తుంది.

ఇక గేర్ నిష్పత్తి, అంటే క్రౌన్ వీల్ ఒకసారి తిరగడానికి, దాన్ని తిప్పే చిన్న గేరు (పినియన్) ఎన్నిసార్లు తిరగాలన్నది. ఊడిపోయిన ట్యాగు గురించి చింతించకండి. అది ఉన్నా, లోపలి గేర్లను ఎవరైనా ఎప్పుడో మార్చి ఉంటే తప్పే చెబుతుంది. మూత విప్పి పళ్లు లెక్కపెట్టండి: క్రౌన్ వీల్‌కు 41, పినియన్‌కు 11 ఉంటే నిష్పత్తి 3.73, పినియన్‌కు 10 ఉంటే 4.10. మీది ఫోర్‌వీల్ డ్రైవ్ కనుక ముందు ఇరుసు నిష్పత్తి కూడా ఇంతే ఉండాలి. లేకపోతే పొడి రోడ్డు మీద నాలుగు చక్రాలనూ కలిపిన మరుక్షణం ముందూ వెనుకా పెనుగులాడుకుని, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ పెట్టె) మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దని మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను.

మూత తీసినప్పుడే నూనెను వేళ్ల మధ్య రుద్ది చూడండి. మెత్తని బూడిదరంగు పొడి మామూలు అరుగుదల. లోహపు పెచ్చులు కనిపిస్తే మాత్రం బేరింగులో గేరు పళ్లో దెబ్బతిన్నట్టే. పాత బ్రేకు లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదవద్దు, తడిపి తుడవండి.

అమర్చే ముందు ఒక చక్రం బిగించే తలం నుంచి రెండో దాని తలం వరకు వెడల్పును, కమాను కట్టలు కూర్చునే దిమ్మెల మధ్య దూరాన్ని కొలిచి, పాత ఇరుసు కొలతలతో పోల్చండి. దిమ్మెలను జరపవలసి వస్తే, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు పినియన్ కోణం సరిచూసుకొని చుక్కల వెల్డింగుతో నిలిపి, ఆ తర్వాత అటూ ఇటూ మార్చుకుంటూ చిన్నచిన్న ముక్కలుగా అతకాలి. ఒకే వరుసలో పొడవుగా అతికితే వేడికి గొట్టం వంగి, బేరింగులూ సీళ్లూ త్వరగా పాడవుతాయి. మీ బండి చక్రాలకు 5 లేదా 6 రంధ్రాలే ఉంటే, వెనుక చక్రాలతో పాటు స్టెప్నీ సంగతి కూడా ముందే ఆలోచించుకోండి.