రేటింగ్ షీట్ తప్పు కాదు, నాన్నగారి ఖాతాతోనే చిక్కు

సందేహం: నమస్కారం సార్. మాది గుంటూరు జిల్లా. నేను ఇంగ్లండ్‌లో స్టూడెంట్ వీసా మీద డేటా సైన్స్ చదువుతున్నాను. ఇక్కడ గ్రేహౌండ్ కుక్కల పందేల మీద బెట్టింగ్ చట్టబద్ధమే. కొంతకాలంగా రోమ్‌ఫర్డ్, హోవ్ ట్రాకుల రేసులకు ఎక్సెల్‌లో సొంతంగా ఫామ్ రేటింగులు వేసుకొని చిన్న మొత్తాలు కాస్తున్నాను. కాస్త లాభం కనబడేసరికి బుక్‌మేకర్ (పందేలు తీసుకునే వ్యాపారి) నా పందెం పరిమితిని రెండు పౌండ్లకు కుదించేశాడు. దాంతో రూమ్మేట్ పేరుతో ఇంకో ఖాతా తెరిచాం. విజయవాడలో ఉండే మా బాబాయి కొడుకు, అతని స్నేహితులు కూడా నా రేటింగుల మీద డబ్బు పెడుతున్నారు. వాళ్లు మా నాన్నగారి ఖాతాకు యూపీఐ చేస్తారు, నేను ఇక్కడ పౌండ్లలో కాస్తాను, గెలిస్తే నాన్నగారే వాళ్లకు తిరిగి పంపుతారు. ఇకమీదట టెలిగ్రామ్‌లో నెలకు ఇంత అని తీసుకొని రేటింగులు అమ్మాలనుకుంటున్నాను. ఫామ్ చూసి కాయడం నైపుణ్యమే కాబట్టి గుర్రప్పందేల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనకూ వర్తిస్తుందని ఆ బాబాయి కొడుకే, మా అన్నయ్య, అంటున్నాడు. నిజమేనా? టాక్స్ ఏమైనా కట్టాలా? నాన్నగారు రిటైర్డ్ టీచరు, ఈమధ్య ఆయనకు టెన్షన్ ఎక్కువైంది.
– ఒక పాఠకుడు, లెస్టర్

సలహా: మీరు అడిగింది రేటింగుల గురించి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది మాత్రం మీ నాన్నగారి ఖాతా. ముందు ఇంగ్లండ్ సంగతి చూసి అక్కడికి వస్తాను. నేను ఇక్కడి కోర్టుల్లో ప్రాక్టీసు చేసేవాణ్ని. ఇంగ్లండ్ చట్టం గురించి చెప్పేది మీకు దారి తెలియడానికే. అక్కడ ఏదైనా నోటీసు వస్తే అక్కడి సొలిసిటర్‌నే కలవండి.

పద్దెనిమిదేళ్లు నిండినవారు లైసెన్సున్న బుక్‌మేకర్ దగ్గర పందెం కాయడం బ్రిటన్‌లో 2005 నాటి గాంబ్లింగ్ చట్టం కింద సక్రమమే. పందెం కాసే ముందు మీరు ఎన్ని లెక్కలు వేసుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. ఫామ్ రేటింగ్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక రేసును గెలిచిన కుక్క 24.20 సెకన్లలో పరుగు ముగించిందనుకుందాం. మనం గమనిస్తున్న కుక్క దానికి మూడు నిడివుల (నిడివి అంటే ఒక కుక్క పొడవు) వెనక వచ్చింది. అక్కడ ఒక్కో నిడివికి 0.08 సెకన్లు కడతారు, కాబట్టి దాని టైము 24.44. ఆ రోజు వాన వల్ల ట్రాక్ 0.20 సెకన్లు నెమ్మదించిందని నిర్ణయిస్తే అది తీసేయాలి. మిగిలిన 24.24 ఆ కుక్క అసలు టైము. దానికి ఏ ట్రాప్ (పరుగు మొదలయ్యే పెట్టె) నుంచి దూకింది, మొదటి మలుపులో పక్క కుక్క తగిలిందా, లోపలి కంచె వారగా పరిగెత్తే అలవాటా, బయటికి వెళ్లే అలవాటా అన్నవి కలుపుకుంటే రేటింగ్ తయారవుతుంది. ఇదంతా రేసు కార్డులో అచ్చు వేసి అందరికీ ఇచ్చే సమాచారమే. కోడి పందేల్లో ఈ వారం డేగ గెలుస్తుందా, కాకి గెలుస్తుందా అని రంగు చూసి కాసే పద్ధతికీ దీనికీ పోలిక లేదు, ఒప్పుకుంటాను.

అయితే తెలివిగా లెక్క వేయడం వేరు, పోటీ నడిచే తీరులో వేలు పెట్టడం వేరు. ఆ గాంబ్లింగ్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం జూదంలో మోసం నేరం, రెండేళ్ల దాకా జైలు. ఫిల్ ఐవీ అనే పేరున్న ఆటగాడు 2012లో లండన్‌లోని ఒక క్యాసినోలో కార్డుల వెనక డిజైన్‌లో ఉన్న సన్నటి తేడాను పట్టుకున్నాడు. అక్కడితో ఆగక, డీలర్ చేత కార్డులను తనకు కావలసిన వైపు తిప్పించి దాదాపు 77 లక్షల పౌండ్లు గెలిచాడు. క్యాసినో డబ్బు ఇవ్వనంది. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా అది మోసమేనని తేల్చింది. తాను నిజాయితీగానే ఆడానని అతను నమ్మినా లాభం లేకపోయింది. మీ విషయంలో ఆ గీత ఎక్కడుందంటే, కెన్నెల్‌లో (పందెం కుక్కలను ఉంచే చోట) పనిచేసేవాళ్లతో కుమ్మక్కై కుక్కకు అన్నం ఎక్కువ పెట్టించారనో, కాలు బెణికిన సంగతి దాచిపెట్టించారనో తేలితే మీరు గీత దాటినట్టే. ఎక్సెల్ షీట్‌కు ఆ ప్రమాదం లేదు.

ఇక పరిమితి రెండు పౌండ్లు చేయడం. దీనిమీద కోపం రావడం సహజం, కానీ కేసు లేదు. పందెం అంటే ఒప్పందం. మీతో పెద్ద పందెం ఒప్పుకోవాలన్న బాధ్యత బుక్‌మేకర్‌కు లేదు. వాడి వ్యాపారమే అలా కట్టింది: ఆరు కుక్కలకూ తలా నాలుగుకు ఒకటి ధర (పౌండు కాస్తే నాలుగు పౌండ్ల లాభం) ఇస్తే ఒక్కోదానికి గెలిచే అవకాశం ఇరవై శాతం చొప్పున మొత్తం నూట ఇరవై శాతం అవుతుంది. వందకు పైన ఉన్న ఆ ఇరవై వాడి మార్జిన్. దాన్ని దాటుకొని గెలిచేవాణ్ని వాడు దగ్గర పెట్టుకోడు. కాసి గెలిచిన పందేనికి డబ్బు ఎగ్గొడితే మాత్రం అది వేరే సంగతి. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ పందెం బాకీ కోర్టులో వసూలు చేసుకోదగిన బాకీయే. 2021లో లండన్ హైకోర్టు ఒక ఆటగాడికి 17 లక్షల పౌండ్లు చెల్లించమని ఆదేశించింది. సన్న అక్షరాల్లో దాచిన షరతులను అడ్డం పెట్టుకోవడం కుదరదని కంపెనీకి చెప్పింది. కోర్టుకు పోయే ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి, ఎనిమిది వారాల్లో తేలకపోతే ఐబాస్ లాంటి ఉచిత వివాద పరిష్కార సంస్థకు వెళ్లవచ్చు.

కానీ మీరు ఈ హక్కును మీ చేతులతో మీరే పాడుచేసుకున్నారు. రూమ్మేట్ పేరుతో తెరిచిన ఖాతాలో మీరు పందెం కాస్తే, రేపు అందులో వెయ్యి పౌండ్లు ఆగిపోయినప్పుడు ఏ ముఖంతో అడుగుతారు? ఒకరి ఖాతా ఇంకొకరు వాడకూడదన్న షరతు దాదాపు అన్ని కంపెనీల నిబంధనల్లోనూ ఉంటుంది. పైగా ‘నేనే ఆడుతున్నాను’ అని అబద్ధం చెప్పి లాభం పొందడం అక్కడి 2006 నాటి ఫ్రాడ్ చట్టం దాకా లాగే వ్యవహారం. ఆ కుర్రాడిదీ స్టూడెంట్ వీసాయే అయివుంటుంది. ఆ ఖాతా ఈ రోజే ఆపించండి.

టాక్స్ సంగతి క్లుప్తంగా చెబుతాను. పందెంలో గెలిచిన సొమ్ముమీద బ్రిటన్‌లో మామూలు పందెగాడికి ఆదాయపు పన్ను లేదు. మీరు ఇప్పుడు భారత పన్ను చట్టం ప్రకారం నివాసి కాకపోతే, అక్కడే గెలిచి అక్కడే ఉంచుకున్న డబ్బుకు ఇక్కడా పన్ను లేదు. మీ అన్నయ్య పరిస్థితి అది కాదు. ఆయన ఇక్కడి నివాసి. ప్రపంచంలో ఏ మూల పందెం గెలిచినా 30 శాతం పన్ను, పైన సెస్సు. ఓడిన పందేలను అందులో తగ్గించుకోవడానికి లేదు. పది పందేల్లో తొమ్మిది ఓడి ఒకటి గెలిచినా, ఆ ఒక్కదాని మీద పన్ను కట్టాల్సిందే.

ఇప్పుడు అన్నయ్య వాదన. అది గాలిలోంచి తీసిన మాట కాదు. 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యమేనని చెప్పింది. గుర్రం జాతి, ఫామ్, జాకీ చేతివాటం అన్నీ లెక్కలోకి వస్తాయన్నది. అంతకు ముందే 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీని కూడా నైపుణ్యం ఆటగానే చూసింది. కుక్కకూ ఫామ్ ఉంది కదా అన్నది వినడానికి బాగుంటుంది. పైగా కుక్క మీద జాకీ ఉండడు, మనిషి పొరపాటు తక్కువని ఇంకో అడుగు ముందుకూ వేయొచ్చు.

కాని ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు చూసేది 1974 నాటి గేమింగ్ చట్టాన్ని. అందులో ‘బెట్టింగ్’ అన్న మాట నేరుగా ఉంది. మినహాయింపు గుర్రప్పందేనికే, అదీ రేసు రోజున, రేస్ కోర్సులో అందుకు కేటాయించిన ఆవరణలో కాస్తేనే. మలక్‌పేటలో జరిగేది ఈ రకం మినహాయింపు కిందే. కుక్కకు అలాంటి మినహాయింపు ఏదీ లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని కూడా పరిధిలోకి తెచ్చాయి. ఆపైన 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టేసింది. డబ్బు పెట్టి, డబ్బు ఆశించి ఆడేది ఏదైనా ఒకటే. ఆ చట్టంలో ఆడినవాడికి జైలు లేదు, ఆడించేవాడికి మూడేళ్ల దాకా ఉంది. ‘కుక్కలు నిజంగా నేలమీద పరిగెడుతున్నాయి, ఇది ఆన్‌లైన్ ఆట ఎలా అవుతుంది’ అని వాదించే లాయర్లు దొరుకుతారు. ఆ వాదనలో పస లేదనను. కానీ దాన్ని నమ్ముకొని విజయవాడలో కూర్చుని ఒక్క రూపాయి కూడా పెట్టమని చెప్పను, ఎందుకంటే ఆ కేంద్ర చట్టం నుంచి తప్పించుకున్నా రాష్ట్ర చట్టం అక్కడే ఉంటుంది.

ఇక నాన్నగారి ఖాతా. మీరు దీన్ని ఇంటి సర్దుబాటు అనుకుంటున్నారు. ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) దృష్టిలో ఇది హవాలా నమూనా. ఎలాగో చూడండి. విదేశంలో ఉన్న మీ తరఫున మీ నాన్నగారు ఇక్కడ రూపాయలు తీసుకుంటున్నారు. దానికి సరిపడా డబ్బు బయటి నుంచి బ్యాంకు ద్వారా రాలేదు. మీరేమో అక్కడ పౌండ్లు తీసి వాళ్ల కోసం ఖర్చు పెడుతున్నారు. సరిహద్దు దాటకుండానే డబ్బు చేతులు మారింది. ఫెమా మూడో సెక్షన్ నిషేధించింది సరిగ్గా దీన్నే. మొత్తం ఎంతో తేలితే దానికి మూడు రెట్ల దాకా పెనాల్టీ వేయొచ్చు. ఆ పెనాల్టీ నోటీసు వచ్చేది లెస్టర్‌కు కాదు, గుంటూరులో మీ ఇంటికి, మీ నాన్నగారి పేరు మీద.

‘అయితే అన్నయ్య నేరుగా బ్యాంకు ద్వారానే నాకు పంపుతాడు, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు కదా’ అని మీరు అడగవచ్చు. ఆ సదుపాయం చదువుకు, వైద్యానికి, బంధువుల పోషణకు, పెట్టుబడికి. లాటరీ టికెట్లు, ఫుట్‌బాల్ పూల్స్, స్వీప్‌స్టేక్స్ లాంటి వాటికి విదేశీ మారకం పంపడాన్ని 2000 నాటి ఫెమా నిబంధనల మొదటి షెడ్యూలు పూర్తిగా నిషేధించింది. ఫారంలో ‘బంధువు పోషణ’ అని టిక్ పెట్టి కుక్కల మీద కాస్తే తప్పుడు డిక్లరేషన్ కూడా తోడవుతుంది.

దీనికి మించి రోజువారీ ప్రమాదం ఒకటి ఉంది. అన్నయ్య స్నేహితుల్లో ఒకరి ఖాతాలోకి సైబర్ నేరం తాలూకు డబ్బు ఏ దారినో వచ్చిందనుకోండి. ఆ డబ్బు వెళ్లిన ప్రతి ఖాతానూ పోలీసులు ఫ్రీజ్ చేయిస్తారు. అలా ఫ్రీజైన ఖాతాల కోసం తిరిగే పెద్దవాళ్లను నేను తరచూ చూస్తుంటాను. అందులో పెన్షన్ కూడా పడుతుంటే, ఆ నెల మందులకు కూడా డబ్బు తీయలేరు. పైగా యూపీఐ చేసేటప్పుడు కుర్రాళ్లు ‘రోమ్‌ఫర్డ్ 5వ రేసు’ అని సరదాగా నోట్ రాస్తుంటారు. అది స్టేట్‌మెంట్‌లో అలాగే నిలిచిపోతుంది. మీ వాళ్లు అలాంటివి రాశారేమో ఒకసారి చూడండి.

ఇంకొకటి. వాళ్ల డబ్బు మీ చేతిలో ఓడిపోతే, ఇవ్వమని దావా వేయాలన్నా పందెం ఒప్పందం మన కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ కింద చెల్లదు. దీన్ని మీకు రక్షణ అనుకోకండి. కోర్టు మెట్లు ఎక్కలేనివాళ్లు మీ నాన్నగారి గుమ్మం ఎక్కుతారు.

టెలిగ్రామ్ ఆలోచన రెండు దేశాల్లోనూ కుదరదు. బ్రిటన్‌లో టిప్స్ అమ్మడానికి గాంబ్లింగ్ లైసెన్సు అక్కర్లేదు. కానీ స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం, స్వయం ఉపాధి నిషేధం. సబ్‌స్క్రిప్షన్ తీసుకున్న రోజునే వీసా షరతు ఉల్లంఘించినట్టు. చదువు అయ్యాక గ్రాడ్యుయేట్ వీసాకు మారితే స్వయం ఉపాధికి అనుమతి ఉంది. అప్పుడు పన్ను సంవత్సరంలో వెయ్యి పౌండ్లు దాటిన రాబడిని అక్కడి పన్ను శాఖకు చూపించాలి. ఇక్కడివాళ్లకు అమ్మితే, అందులో బుక్‌మేకర్ లింకు పెట్టి కమిషన్ తీసుకుంటే, 2025 చట్టంలో ప్రకటనలకు పెట్టిన రెండేళ్ల జైలు, 50 లక్షల జరిమానా మీ తలమీద ఉంటాయి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన సినిమా నటుల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టడం మీరు చూసేవుంటారు. అంతటివాళ్లనే పిలిచి కూర్చోబెట్టారు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. అన్నయ్య వాళ్లను ఇక ఒక్క రూపాయి కూడా పంపవద్దనండి. నాన్నగారి చేత మొదటి యూపీఐ వచ్చిన రోజు నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. వాళ్లకు ఇంకా ఇవ్వాల్సింది ఉంటే, డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో అదే ఖాతాకు బ్యాంకు ద్వారానే తిరిగి పంపాలి. చేతికి నగదు ఇవ్వకండి. వాట్సాప్ చాట్లు చెరిపేయకండి, చెరిపితే సాక్ష్యం మాయం చేశారన్న మాట అదనంగా పడుతుంది. స్టేట్‌మెంటు తీసుకొని గుంటూరులో ఫెమా వ్యవహారాలు తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటునో న్యాయవాదినో నాన్నగారు కలవాలి. మొత్తం చిన్నదైతే, తప్పు ఒప్పుకొని రుసుము కట్టి ముగించుకునే కాంపౌండింగ్ దారి ఫెమాలోనే ఉంది. అది మీకు వీలవుతుందో లేదో ఆ స్టేట్‌మెంటు చూశాకే చెప్పగలం. ఈ లోగా బ్యాంకు నుంచి గానీ, పోలీసుల నుంచి గానీ ఫోన్ వస్తే ‘రాతపూర్వకంగా అడగండి, సమాధానం ఇస్తాం’ అని మాత్రమే చెప్పమనండి.